ఏడో గుండీ

సముద్రం అవతల నుంచి డజను గుండీలు మా ఇంటి గుమ్మం దాకా రావడానికి అయ్యే ఖర్చు, మా ఇంటి నుంచి పక్కవీధికి ఆరు గుండీలు పంపడానికి అయ్యే ఖర్చుకంటే తక్కువ. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మలేక, నిజమో కాదో చూద్దామని, పంతం కొద్దీ నేనే ఒక ప్యాకెట్టు ఆర్డరు పెట్టాను. మూడు వారాల్లో వచ్చింది. చెక్కలా కనబడాలని గోధుమరంగు పూసిన ప్లాస్టిక్ గుండీలు పన్నెండు. వాటి వెల, తెచ్చిన ఖర్చు, చుట్టిన కవరు అన్నీ కలిపినా మన దగ్గర ఒక స్టాంపుకి సరిపోదు.

తీసుకెళ్ళి మా పెద్దనాన్న ముందు పోశాను. ఆయన ముప్ఫై రెండేళ్లుగా కోట్లకి చెక్క గుండీలు చేస్తున్న మనిషి. ఒకటి తీసుకుని వేలితో నొక్కి చూసి, దీపానికి పట్టి చూసి, "ఇది గుండీనా, జలుబు మాత్రా?" అన్నాడు.

పెద్దమ్మ పక్కనే కూర్చుని అట్టముక్కలకి గుండీలు కుడుతోంది. "మాత్రైతే జలుబైనా తగ్గును" అంది తలెత్తకుండా.

నవ్వాం గానీ, ఆ నవ్వు ఎంతోసేపు లేదు. ఎందుకంటే విషయం అందరికీ తెలుసు. రెండేళ్లలో ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి. పెద్దనాన్న కార్ఖానా అంటే ఒకే ఒక గది. కిటికీ పక్కన చెక్కని గిరగిరా తిప్పే లేత్ మిషను, గోడకి వరసగా ఉలులు, అరల నిండా గాజుసీసాల్లో సైజుల వారీగా గుండీలు, నేల మీద ఎంత ఊడ్చినా పోని చెక్కపొట్టు. ఆ గది ఈ ఏడాది చివరికి ఖాళీ చేసేస్తానని పెద్దనాన్న ఓనరుకి మాట ఇచ్చేశాడు. లేత్ కొనుక్కుంటానని ఒకాయన టేపు పట్టుకొచ్చి కొలుచుకుని కూడా పోయాడు. ఆయన కొలుస్తున్నంతసేపూ పెద్దనాన్న బయట నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. నేను చూశాను.

అసలు అంత చవగ్గా ఎలా పంపుతున్నారో చెప్పింది మా పిన్ని. మా అమ్మ చెల్లెలు. పోస్టాఫీసులో మూడో నంబరు కౌంటర్ ఆవిడది. రూలు అంటే రూలే. కన్నతల్లి వచ్చినా చిరిగిన నోటు తీసుకోదు. సెలవురోజు కార్ఖానాకి వచ్చి ముక్కాలి పీట మీద కూర్చుని నా ప్యాకెట్టు తిప్పి తిప్పి చూసింది.

"ఇందులో మాయా లేదు మంత్రం లేదు" అంది. "వాళ్ళ దేశం పోస్టు మన దేశం పోస్టుకి సంచి అప్పగిస్తుంది. ఇంటింటికీ పంచినందుకు మనకి కూలి ఇస్తుంది. ఆ కూలి ఎంతో దేశాలన్నీ కూర్చుని రాసుకున్నాయి. అప్పట్లో సంచిలో ఉండేవి ఉత్తరాలు. పేద దేశాల నుంచి తక్కువ తీసుకుందాంలే పాపం అనుకున్నారు. మంచి మాటే కదా! ఇప్పుడు ఆ దేశాల్లో కొన్ని పేదవీ కావు, ఆ సంచుల్లో ఉత్తరాలూ లేవు. కూలి మాత్రం అప్పటిదే."

"అంటే మా గుండీలు అమ్ముడుపోకుండా చేసే గుండీల్ని మన పోస్ట్‌మేనే మోస్తున్నాడా, అది కూడా కారుచవగ్గా?" అన్నాను.

"మోస్తున్నాడు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి పాపం."

"ఏమ్మా, నువ్వు ఆ ఆఫీసులో ఉండి ఇన్నాళ్ళూ ఊరుకున్నావా?" అన్నాడు పెద్దనాన్న.

"ఏం చెయ్యమంటారు బావగారూ, ప్రపంచం మొత్తానికీ కౌంటర్లో నేనే కూర్చున్నానా?"

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రేట్లు మారబోతున్నాయట. ఏ దేశం కూలి ఆ దేశమే తేల్చుకోవచ్చట. వచ్చే నెల నుంచే. నేను ఎగిరి గంతేశాను. పెద్దనాన్న మాత్రం లేత్ బెల్టు సరిచేసుకుని, ఆ రోజు అక్కర్లేకపోయినా ఇంకో ముప్ఫై గుండీలు చేశాడు.

నెల తిరిగేసరికి నిజంగానే ఆన్‌లైన్‌లో ఆ ప్లాస్టిక్ గుండీల పక్కన 'డెలివరీ ఉచితం' అన్న మాట ఎగిరిపోయింది. ఊళ్ళో ఇద్దరు దర్జీలు మళ్ళీ ఫోన్ చేశారు. అన్నిటికంటే ముఖ్యంగా పరదేశం నుంచి ఒక మెయిలు వచ్చింది. అక్కడొక పెద్దావిడ, కోట్లు తామే కుట్టుకునేవాళ్ళ సంఘం ఒకటి నడుపుతోంది. అరవైమంది సభ్యులు. ఒక్కొక్కరి ఇంటికీ నేరుగా ఆరేసి గుండీల అట్ట పంపగలరా అని అడిగింది. చలికాలం కోట్లు అవి. నచ్చితే నెలనెలా అట్టలు తీసుకుంటానంది. ఈ ఒక్క ఆర్డరు నిలబడితే చాలు, గది నిలబడుతుంది, లేత్ నిలబడుతుంది.

నేను గబగబా పోస్టు ఖర్చు లెక్కగట్టి చూశాను. రేట్లు పెరిగింది వాళ్ళకి మాత్రమే కాదు, అటు వెళ్ళే మన చిన్న ప్యాకెట్లకి కూడా. ఆవిడ దేశం కూడా కూలి పెంచేసింది కదా! అట్ట వెల కంటే పంపే ఖర్చే ఎక్కువ. అన్నీ కలిపి ఆవిడకే ఒక పార్సిల్ పంపుదామా అంటే, అక్కడినుంచి అరవై ఇళ్ళకి మళ్ళీ ఆవిడే పోస్టు చెయ్యాలి.

"నేను ఆకాశంలోకి ఎగిరినంతసేపు పట్టలేదు కింద పడ్డానికి" అన్నాను.

"నువ్వెప్పుడూ అంతేగా ఎక్స్‌ప్రెస్సూ" అన్నాడు పెద్దనాన్న. నా మాట వేగానికి ఆయన పెట్టిన పేరది. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ తర్వాత చాలాసేపు ఉలి నూరుతూ కూర్చున్నాడు. నూరడానికి అందులో ఏమీ మిగల్లేదు.

నేను పిన్ని దగ్గర రేట్ల పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. నూట నలభై పేజీలు. నవ్వకండి, నేనది నవలలా చదివాను! పరీక్షలకి కూడా అంత శ్రద్ధగా చదవలేదు. తొంభై ఆరో పేజీలో దొరికింది. పలచటి కవరు. ఇరవై గ్రాములు దాటకూడదు, ఐదు మిల్లీమీటర్ల సందులోంచి దానంతటదే జారాలి. ఆ రేటు మారలేదు. చిన్న ప్యాకెట్టు రేటులో ఐదో వంతు కూడా లేదు.

పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. పెద్దనాన్న తన గుండీ ఒకటి నా అరచేతిలో పెట్టాడు. నిండుగా, బరువుగా, ఏడు మిల్లీమీటర్ల మందం. "ఇది ఆ సందులో పడుతుందా?"

"పడదు. మూడున్నర చెయ్యాలి."

"మూడున్నరకి చేస్తే విరుగుతుందే. చెక్కకి నార ఒకే వైపు ఉంటుంది. పలచనైతే ఆ నార వెంటే చీలిపోతుంది."

అన్నాడే గానీ ఊరుకోలేదు. నాలుగు రోజులు లేత్ వదల్లేదు. విరిగిన గుండీలు ఒక తట్ట నిండాయి. ఐదో రోజు పొద్దున నన్ను పిలిచి ఒక గుండీ ఇచ్చి, "విరువు" అన్నాడు. విరవలేకపోయాను. రెండు చేతులతో, తలుపు సందులో పెట్టి, చివరికి పళ్ళతో కూడా. ఏం చేశాడంటే, రెండు పలచటి పొరల్ని ఒకదాని నార నిలువుగా, ఇంకోదాని నార అడ్డంగా పెట్టి, జిగురుతో అతికించి, రాత్రంతా బిగించి, ఆ తర్వాత లేత్ మీద తిప్పాడు. అంచు మీద గీతలా రెండు రంగులు కూడా వచ్చాయి. ఎంత బాగుందో! ముప్ఫై రెండేళ్ల తర్వాత ఒక మనిషి తన గుండీని మళ్ళీ మొదట్నుంచి కనిపెట్టాడు. నేను గుండీని అటూ ఇటూ తిప్పి చూసి, "పర్లేదు" అని మాత్రం అన్నాను.

"పర్లేదట!" అన్నాడు పెద్దమ్మతో. "చూశావా, ఇంజనీరుగారు పాస్ చేసేశారు."

అట్టకి గుండీ సైజులో చిల్లులు చేసి, ఆ చిల్లుల్లో గుండీలు కూర్చోబెట్టే ఉపాయం నాది. అలా చేస్తే అట్ట మందం కలవదు. ఒకటి తూచాను, పంతొమ్మిదిన్నర గ్రాములు. అట్టలో ఆ కొలతకి సందు కోసి జార్చి చూశాను, జారింది. అరవై తయారయ్యాయి. చిరునామాలు నేను రాశాను, కవర్లు అంటించింది పెద్దనాన్న. సోమవారం పొద్దున పెద్దమ్మతో కలిసి ముగ్గురం పోస్టాఫీసుకి వెళ్ళాం. ఆ దేశం సంచి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మూస్తారు. ఇంకా నాలుగు రోజులుంది కదా అని దర్జాగా వెళ్ళాం.

మూడో నంబరు కౌంటర్ మీద ఒక ఇనుప పలక ఉంటుంది, మధ్యలో సన్నటి సందుతో. పిన్ని మొదటి కవరు తీసుకుని ఆ సందులో వదిలింది.

ఆగిపోయింది.

తీసి, తిప్పి, మళ్ళీ వదిలింది. సగంలో ఆగిపోయింది. రెండోది అంతే. ఐదోది అంతే. నేను కౌంటర్ మీదికి వంగాను. "పిన్నీ, కొంచెం వేలితో నొక్కితే..."

"నొక్కకూడదు. దానంతటదే జారాలి." తూకంలో పెట్టింది. ఇరవై ఒకటి పైన. "చిన్న ప్యాకెట్టు రేటు పడుతుంది. పంపమంటారా, వెనక్కి తీసుకుంటారా?"

"ఏమ్మా, రవ్వంతే కదా..." అన్నాడు పెద్దనాన్న.

"ఇక్కడ నాకు బావగార్లూ అక్కచెల్లెళ్ళూ ఎవరూ లేరండి. తర్వాత ఎవరు?"

మా వెనకున్నాయన మొహమాటపడుతూనే ముందుకొచ్చేశాడు. అరవై కవర్లూ సంచిలో వేసుకుని బయట మెట్ల మీద కూలబడ్డాం. నేను ఒక కవరు చింపాను. ఆరు గుండీలూ చక్కగా చిల్లుల్లోనే ఉన్నాయి. వాటి మీద, పలచటి కాగితంలో చుట్టి, ఏడోది!

"ఇదేంటి పెద్దనాన్నా?"

"అదా... అది లెక్కలోది కాదు కదమ్మా" అన్నాడు, నేనేదో తెలియక అడిగినట్టు. "ఊడిపోయేదానికి. ఎప్పుడూ వేస్తాం."

నిజమే, ఎప్పుడూ వేస్తాడు. ముప్ఫై రెండేళ్లుగా ఎవరు ఆరు కొన్నా ఏడు ఇస్తాడు. ఆయనకి ఆరంటే ఏడే. అందుకే నాకు చెప్పాలని కూడా ఆయనకి తోచలేదు. అరవై కవర్లలోనూ అంటించే ముందు ఒక్కొక్కటి జారవిడిచాడు.

"లెక్కలోది కాదని తూకానికి తెలియదు పెద్దనాన్నా!" అని అరిచాను. మెట్లెక్కుతున్నవాళ్ళు ఆగి చూశారు. "నేను గ్రాములు కొలిచాను, మిల్లీమీటర్లు కొలిచాను... సరే, ఇప్పుడే అన్నీ చింపి తీసేద్దాం. గంట పని."

"తియ్యను."

"ఏంటి?"

"ఆరింట్లో ఒక్కటి ఊడిపోయిందనుకో, ఆ రంగు చెక్క మళ్ళీ దొరకదు. మిగతా అయిదూ ఉండీ దండగే. కోటు మూలన పడుతుంది. ఏడోది లేకుండా నా అట్ట బయటికి వెళ్ళదు. కావలిస్తే ఆర్డరు పోనీ."

"గది పోతుంది పెద్దనాన్నా. లేత్ పోతుంది."

"పోతే పోయింది. ఆరు గుండీలవాడిగా మిగలడం కంటే అదే నయం."

నేను పెద్దమ్మ వైపు చూశాను, ఆవిడైనా ఒప్పిస్తుందని. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయన తియ్యడు. నువ్వు ఇంకో దారి చూడు. ఆ పుస్తకమంతా చదివావుగా" అంది. తప్పు ఆయనదే, పంతం ఆయనదే, దారి మాత్రం నేను చూడాలి! కోపంతో కార్ఖానాదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకుండా అంతదూరం నడవడం చరిత్రలో అదే మొదటిసారి.

కానీ నడుస్తూ నడుస్తూనే లెక్క మొదలైపోయింది. ఏడు గుండీలు ఒకే మట్టంలో పట్టాలి. కార్ఖానాకి రాగానే బల్ల మీద గుండీలు పరిచాను. మధ్యలో ఒకటి పెట్టి చుట్టూ పేరిస్తే, సరిగ్గా ఆరు పడతాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా. పువ్వులాగా! చోటు సమస్య తీరింది. మందం తీరింది. మిగిలింది బరువు. గుండీ ఒక్కోటీ రెండు గ్రాములు. ఆరు గుండీల బరువులో ఏడు గుండీలు రావాలి. అంటే ఒక్కొక్కటీ ఏడో వంతు తగ్గాలి.

"ఇంకా పలచన చెయ్యలేను" అన్నాడు పెద్దనాన్న. "అంచు నిలబడదు."

"అంచు వద్దు. కొలతా మార్చద్దు. ఇంకెక్కడినుంచైనా తియ్యలేవా?"

ఆయన గుండీని బోర్లించాడు. వీపు వైపు బొటనవేలు ఆనించి నెమ్మదిగా తిప్పాడు. ఆ మొహం చూస్తే నాకు అర్థమైపోయింది, ఆయన వేలికి జవాబు దొరికిందని. వెంటనే లేత్ వేశాడు. గుండ్రటి మొన ఉన్న ఉలి తీసుకుని, వీపు మధ్యలో పళ్ళెంలా లోతు తీశాడు. పొట్టు పిసరంత రాలింది. తూకంలో పెట్టాను. ఒకటీ డెబ్భై రెండు.

"ఇంకో చిటికెడు" అన్నాను.

"చిటికెడు అంటే ఎంత ఇంజనీరుగారూ?"

"గ్రాములో వందో వంతు."

"నీ అమ్మ కడుపు చల్లగుండ" అని ఉలిని ముద్దుపెట్టుకున్నంత సున్నితంగా ఆనించాడు. ఒకటీ డెబ్భై ఒకటి.

నాలుగు వందల ఇరవై గుండీలు. సోమవారం మధ్యాహ్నం నుంచి గురువారం సాయంత్రం దాకా మళ్ళీ ఒక్కొక్కటీ లేత్‌కి ఎక్కింది. పెద్దనాన్న లోతు తీస్తే నేను తూచాను, అట్టలకి కొత్తగా ఏడేసి చిల్లులు చేశాను, పెద్దమ్మ గరుకు కాగితంతో వీపులు నునుపు చేసింది. పిన్ని రోజూ డ్యూటీ దిగి వచ్చేది. ఒక్క గుండీ ముట్టుకునేది కాదు.

"సాయం చెయ్యవే, చేతులేమైనా అరిగిపోతాయా?" అంది పెద్దమ్మ.

"రేపు వీటిని కొలవాల్సింది నేనే. నేను చేసినదాన్ని నేనే కొలుస్తానా? బాగుండదక్కా." అని టీ పెట్టింది, గిన్నెలు కడిగింది, నేల ఊడ్చింది. పాసవుతాయా పిన్నీ అని నేను పదిసార్లు అడిగితే, పదిసార్లూ "కౌంటర్ దగ్గర చెప్తా" అనే అంది. ఆవిడ మీద కోపం రావాల్సింది. రాలేదు. ఈ ఇంట్లో ఒకరు ఏడోది తియ్యరు, ఒకరు వేలితో నొక్కరు. వీళ్ళిద్దరి మధ్య పుట్టినందుకు నాకు గర్వంగా అనిపించింది, నడుంనొప్పితో సహా.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ మూడో నంబరు దగ్గర నిలబడ్డాం. వెనక ఎనిమిదిమంది. మామూలుగా ఇన్ని కవర్లుంటే నాలుగైదు చూసి వదిలేస్తారు. పిన్ని అలా చెయ్యలేదు. మొదటిది సందులో వదిలింది. 'సర్ర్' మని జారి కింద బుట్టలో పడింది. తూకంలో పెట్టింది, పంతొమ్మిదీ అరవై. ముద్ర కొట్టింది. రెండోది. మూడోది. ప్రతి ఒక్కటీ జార్చింది, ప్రతి ఒక్కటీ తూచింది.

"ఏంటమ్మా, చుట్టాలని అంత గట్టిగా చూస్తున్నారా?" అన్నాడు మమ్మల్నెరిగిన వెనకాయన.

"చుట్టాలనే కదండీ" అంది పిన్ని, ముద్ర ఆపకుండా.

అరవయ్యోది జారేసరికి రెండూ నలభై. పిన్ని సంచి మూతి కట్టి, లక్క ముద్ర వేసి, రసీదు కిటికీలోంచి తోసింది. పెద్దనాన్న రసీదు తీసుకుని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కానీ ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి, ఆయన నడక మారింది.

మూడు వారాల తర్వాత పెద్దావిడ దగ్గర నుంచి మెయిలు వచ్చింది. నేను కార్ఖానాలో నిలబడి పైకి చదివాను. అరవై ఇళ్ళకీ చేరాయి. నెలకి రెండు వందల అట్టలు కావాలి, ఏడాది పొడుగునా. పెద్దమ్మ సూది కింద పెట్టేసింది. నేను అరిచిన అరుపుకి మేడ మీదున్న ఓనరే దిగివచ్చాడు, ఎవరికేమైందోనని. పెద్దనాన్న అక్కడికక్కడే ఆయనతో, "గది ఖాళీ చెయ్యట్లేదండీ" అని చెప్పేశాడు. చాలా మామూలుగా, ఎండ ఎక్కువగా ఉందండీ అన్నట్టు.

మెయిల్లో ఇంకో రెండు వాక్యాలున్నాయి. గుండీల వెనకవైపు ఆ లోతు చూసి మా వాళ్ళందరూ మెచ్చుకున్నారు, దారపు ముడి అందులో దాక్కుని బట్టకి ఒరుసుకోవడం లేదు, ముప్ఫై ఏళ్లుగా కోట్లు కుడుతున్నాను, ఇలా ఆలోచించి చేసినవాళ్ళని చూడలేదు అని రాసింది.

పెద్దనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమందీ? మళ్ళీ చదువు."

"నెలకి రెండు వందల..."

"అది కాదే. ఆ తర్వాతది."

చదివాను. నెమ్మదిగా, మాట మాట విడదీసి, నా జన్మలో ఎప్పుడూ చదవనంత నెమ్మదిగా.

"వెనకవైపు తిప్పి చూసిందన్నమాట" అన్నాడు. చేతులు దులుపుకుని, లేత్ వేశాడు.